భీష్ముడు లేని సైన్యం

అనంతపురం

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ, ఈ ఉత్తరం మీ పక్కన కూర్చుని చదివే మీ స్నేహితులకూ తాత ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మీరు వచ్చి మూడు రోజులు వరసగా స్టార్ వార్స్ సినిమాలు పెట్టి నన్నూ మీ అవ్వనూ కూర్చోబెట్టారు. అవ్వ రెండో రోజే కునుకు తీసింది. నేను మాత్రం రెప్ప వాల్చలేదు. మీరు బస్సెక్కాక చిన్నవాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "తాతా, అన్ని వేల రోబోలు ఒక్కసారే ఎందుకు పడిపోయాయి? మళ్లీ లేస్తాయా?" అని అడిగాడు. జవాబు చెప్పేలోగా బస్సు కదిలింది. ఫోనులో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ హోంవర్కు అంటుంది. అందుకే రాస్తున్నాను.

సినిమాల సంగతి నాకు పెద్దగా తెలియదు. ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్‌ని. మీరు మెరిసే కత్తులు చూస్తుంటే నేను, ఇంత సైన్యానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, స్విచ్ ఎవరి దగ్గరుంది అని వెతుకుతూ కూర్చున్నాను.

ముందు ఆ సైన్యం ఎలా పుట్టిందో చూద్దాం. జార్జ్ లూకాస్ 1977లో మొదలుపెట్టిన కథకు వెనకటి కథగా 1999, 2002, 2005లో మూడు సినిమాలు వచ్చాయి. మనం చూసినవి అవే. మొదటిదాంట్లో గొడవంతా పన్ను దగ్గర మొదలవుతుంది. వర్తకం సాగే దారుల మీద పన్ను వేశారని ట్రేడ్ ఫెడరేషన్ అనే వ్యాపారుల సంఘం నబూ అనే చిన్న గ్రహం చుట్టూ ఓడలు మోహరించి రాకపోకలు ఆపేస్తుంది. ఆ తర్వాత సైన్యాన్ని దింపుతుంది. "వ్యాపారులకు సైన్యం ఎందుకు తాతా" అని పెద్దమ్మాయి అప్పుడే అడిగింది. అమ్మా, మనం ఉంటున్న ఈ గడ్డను 1800లో నిజాం రాసిచ్చింది ఒక వ్యాపార కంపెనీకే. దత్తమండలాలు అనే పేరు అలాగే వచ్చింది. మిరియాలూ బట్టలూ కొనడానికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ సిపాయిలను పెట్టుకుని రాజ్యాలు ఏలింది.

కాకపోతే సిపాయి మనిషి. జీతం అడుగుతాడు, తిండి అడుగుతాడు, అవమానిస్తే గుర్తుపెట్టుకుంటాడు. 1806లో వెల్లూరులో, 1857లో ఉత్తరాదిన ఆ సిపాయిలే తుపాకులు తమ దొరల వైపు తిప్పారు. ఇవేవీ చేయని సిపాయి దొరికితే ఏ వ్యాపారి మాత్రం వద్దంటాడు? రోబో అనే మాట పుట్టుకలోనే ఈ ఆశ ఉంది. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత తన నాటకంలో ఆ మాట మొదట వాడాడు. దానికి మూలమైన చెక్ పదం రొబోటాకు అర్థం, మన పల్లెల్లో ఒకప్పుడు అందరికీ తెలిసిన మాటే, వెట్టి. కూలి లేని చాకిరి. చాపెక్ రోబోలు చివరికి తిరగబడతాయి. లూకాస్ రోబోలకు ఆ పాటి బుద్ధి కూడా లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది వాటిని దింపే పద్ధతి. పెద్ద బండి తలుపు తెరుచుకుంటుంది. లోపలి నుంచి ఒక చట్రం ముందుకు జరుగుతుంది. దానికి వరసలు వరసలుగా మడత మంచాల్లాంటివి వేలాడుతుంటాయి. మోకాళ్లు పొట్టలోకి, తల మోకాళ్ల మీదికి. అవన్నీ ఒకేసారి విప్పుకుని, కాళ్లు చాపి, నిటారుగా నిలబడి, వీపు మీది తుపాకీ తీసుకుంటాయి. సన్నగా, ఎండిన జొన్నదంటు రంగులో ఉంటాయి. నోరు విప్పితే "రోజర్ రోజర్". తోలుబొమ్మలాటలో కథ బరువెక్కినప్పుడల్లా కేతిగాడు వచ్చి నవ్వించి పోతాడే, ఆ పని ఇక్కడ ఈ రోబోలే చేస్తాయి. భయపెట్టాల్సిన సైన్యం నవ్విస్తోందంటే కథ చెప్పేవాడు మనకు ఏదో సూచిస్తున్నాడని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఇక చిన్నవాడి మొదటి ప్రశ్న. పచ్చిక మైదానంలో గంగన్లు, అంటే నబూ గ్రహం మీదే ఉండే ఒక జాతి వాళ్లు, పెద్ద రక్షణ కవచం కప్పుకుని నిలబడ్డారు. ఫిరంగి గుండ్లు దాన్ని దాటలేవు కాబట్టి రోబోలు నడుచుకుంటూ లోపలికి వెళ్లాయి. కవచం యంత్రాలు పగలగొట్టి యుద్ధం దాదాపు గెలిచేశాయి. అదే సమయంలో పైన తొమ్మిదేళ్ల ఆనాకిన్, తనకే సరిగా తెలియకుండా, శత్రువుల ఓడ కడుపులోకి దూరిపోయి దాన్ని లోపలి నుంచే పేల్చేశాడు. రోబోలకు ఆజ్ఞలు అందేది ఆ ఓడ నుంచే. అంతే, కింద గెలుస్తున్న సైన్యం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. గంగన్లలో ఒకడైన జార్ జార్ ఒకదాన్ని కాస్త తోస్తే కట్టెలా పడిపోయింది.

మీకు ఇది వింతగా ఉంది గానీ నేను ఇలాంటిది ఎన్నో రాత్రులు చూశాను. మా రోజుల్లో పొలాలకు కరెంటు రాత్రిపూట ఇచ్చేవారు. వేరుశనగ చేల మధ్య నిలబడితే చుట్టూ వందల మోటార్ల రొద. సబ్‌స్టేషన్‌లో ఆ చేలకు కరెంటు పంపే ఫీడరు బ్రేకర్ ట్రిప్ అయిందంటే, ఒక్క క్షణం. రొద మొత్తం తెగిపోతుంది. అంతవరకూ వినపడని కీచురాళ్లు వినపడతాయి. ఒక్క మోటారూ కాలలేదు, ఒక్క బోరూ ఎండలేదు. అన్నిటికీ ప్రాణం ఒకే చోట ఉంది కాబట్టి అన్నీ ఒకేసారి ఆగాయి. ప్రతి రోబోకూ మంచి మెదడు పెట్టాలంటే ఖర్చు. ఒక్క ఓడలో పెద్ద మెదడు పెట్టి కింద చవక బొమ్మలను దింపితే లాభం. వ్యాపారులు కదా, లెక్క వేసుకున్నారు. లెక్కలో ఇంకో సంగతి కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. సొంత మెదడు ఇస్తే అది ఏదో ఒక రోజు "ఎందుకు" అని అడుగుతుంది.

ఒక సైన్యం మొత్తం ఒక్కసారిగా కూలిపోవడం మన కథల్లోనూ ఉంది. విరాటపర్వంలో ఆవులను తోలుకుపోతున్న కౌరవ సేనను అర్జునుడు ఎదిరిస్తాడు. చివరికి సమ్మోహనాస్త్రం వేస్తాడు. దుర్యోధనుడు, కర్ణుడు, ద్రోణుడు, అందరూ ఆయుధాలు వదిలేసి స్పృహ తప్పుతారు. అప్పుడు అర్జునుడు ఉత్తరకుమారుణ్ని పిలిచి, నీ చెల్లెలు బొమ్మల కోసం బట్టలడిగింది కదా, వెళ్లి వీళ్ల ఉత్తరీయాలు తీసుకురా అంటాడు. బొమ్మపొత్తికలు అంటాడు తిక్కన, చెబుతుంటేనే నోటికి ఎంత బాగుంటుందో! అయితే ఒక హెచ్చరిక కూడా చేస్తాడు. భీష్ముడి వైపు వెళ్లకు, ఆయనకు ఈ అస్త్రానికి విరుగుడు తెలుసు, ఆయన మెలకువగానే ఉంటాడు.

చిన్నవాడా, నీ ప్రశ్నకు నా జవాబు అదే. ఆ రోబోల సైన్యంలో భీష్ముడు లేడు. ఆజ్ఞ ఆగిపోయినప్పుడు ఏం చేయాలో తెలిసినది అన్ని వేలల్లో ఒక్కటీ లేదు.

నిజంగా అంతరిక్షంలోకి రోబోలను పంపేవాళ్లు ఇలాంటి తప్పు చేయరు, చేయలేరు కూడా. వెలుగుకైనా రేడియో సంకేతానికైనా వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లే. చంద్రుణ్ని చేరడానికి సెకను పైచిలుకు. అంగారకుడికైతే, గ్రహాలు ఎంత దూరంలో ఉన్నాయన్నదాన్ని బట్టి 3 నిమిషాల నుంచి 22 నిమిషాల దాకా. "గొయ్యి ఉంది, ఆగు" అని ఇక్కడి నుంచి కేక వేస్తే అది చేరేసరికి బండి గోతిలో ఉంటుంది. అందుకే ముందున్న రాయిని చూసుకుని పక్కకు తప్పుకునే తెలివి దానికే ఇచ్చి పంపుతారు. ఏదైనా తేడా వస్తే చేస్తున్న పనులన్నీ ఆపి, శక్తి పొదుపు చేసుకుంటూ, భూమి నుంచి మాట కోసం ఎదురుచూడమని కూడా ముందే నేర్పుతారు. అమెరికా వాళ్ల ఆపర్చునిటీ అనే రోవర్ 2004లో అంగారకుడి మీద దిగింది. 90 రోజులు పనిచేస్తే చాలనుకున్నారు. 2018లో దుమ్ము తుఫాను కమ్మేదాకా తిరుగుతూనే ఉంది. నబూ మీద యుద్ధం గ్రహం పక్కనే ఓడ ఉంది కాబట్టి నడిచింది గానీ, అంగారకుడంత దూరం నుంచి ఆజ్ఞలిస్తూ ఆ సైన్యాన్ని నడపమనండి చూద్దాం.

రెండో సినిమాలో సైన్యం ఇంకా పెరిగింది. జియోనోసిస్ గ్రహం మీద కొలిమిలాంటి కర్మాగారంలో అచ్చుపోసినట్టు తయారవుతుంటాయి. పాపం, ఆ బంగారు రంగు మర్యాదస్తుడైన రోబో తల ఎగిరి యుద్ధం చేసే మొండెం మీద పడటం చూసి నిద్రలో ఉన్న మీ అవ్వ కూడా లేచి నవ్వింది. కౌంట్ డూకూ అనే పెద్దమనిషి వర్తక సంఘాలనూ బ్యాంకుల వాళ్లనూ కూడగట్టి, మేం రిపబ్లిక్ నుంచి, అంటే గ్రహాలన్నిటినీ కలిపి ఏలే రాజ్యం నుంచి, వేరుపడతాం అన్నాడు. వాళ్లను ఎదిరించడానికి రిపబ్లిక్ దగ్గర కూడా ఒక సైన్యం సరిగ్గా సమయానికి తయారుగా ఉంది. ఒకే మనిషి అచ్చులుగా కమీనో గ్రహం మీద పెంచిన క్లోన్లు. చెప్పినమాట వినేలా పెంచారు. ఇటు యంత్రాలు, అటు యంత్రాల్లా పెంచిన మనుషులు. మూడేళ్లు కొట్టుకున్నారు.

ఇక్కడ నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. వానలు పట్టకపోతే ఊళ్లో విరాటపర్వం ఆడించేవారు, వాన కురుస్తుందని నమ్మకం. తోలుబొమ్మలాట వాళ్లు వచ్చి తెల్లటి తెర కట్టి వెనక దీపాలు పెట్టేవారు. మేకతోలును పలచగా గీకి, చిల్లులు కొట్టి, రంగులు వేసిన బొమ్మలు. వెలుతురు పడితే నగలన్నీ మెరుస్తాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సరే, నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. అర్జునుడూ దుర్యోధనుడూ హోరాహోరీగా తలపడుతున్నారు. ఎవరు గెలుస్తారోనని ఉండబట్టలేక తెర పక్కనుంచి వెనక్కి దూరాను.

అక్కడ ఉన్నది ఒక్క మనిషి. కుడిచేతిలో అర్జునుడు, ఎడమచేతిలో దుర్యోధనుడు. కాళ్లకు గజ్జెలు, పాదం కింద చెక్క. చెక్కను టపటపా తొక్కుతూ, ఈ గొంతుతో అర్జునుడిలా అరిచి, ఆ గొంతుతో దుర్యోధనుడిలా బదులు చెబుతున్నాడు. చెమట కారిపోతోంది. నన్ను చూసి కన్నుగీటాడు, గొంతు మాత్రం ఆపలేదు. తిరిగి వచ్చి ముందు కూర్చున్నాను గానీ ఆ రాత్రి దుర్యోధనుడి మీద నాకు కోపం రాలేదు.

మూడో సినిమాలో ఆ మనిషి మళ్లీ కనిపించాడు. రిపబ్లిక్‌కు పెద్దగా కూర్చుని క్లోన్లను నడిపిన ఛాన్సలర్ పాల్పటీన్, చాటున ఉండి రోబోల పక్షాన్ని నడిపిన డార్త్ సిడియస్, ఇద్దరూ ఒకడే. డూకూ పోయాడు, రోబోల సేనాని గ్రీవస్ పోయాడు. మిగిలిన వ్యాపారులు ముస్తాఫర్ అనే నిప్పుల గ్రహం మీద దాక్కుని, తమ దొర సిడియస్ మనిషి వస్తున్నాడంటే రక్షణ అనుకున్నారు. వచ్చినవాడు వాళ్లందరినీ నరికేశాడు. ఎవరనుకున్నారు, ఒకప్పుడు ఆ ఓడను పేల్చిన తొమ్మిదేళ్ల పిల్లవాడే, పెద్దవాడై పేరు మార్చుకుని. వెంటనే పై నుంచి కబురు: ఓడలకు చెప్పు, రోబోలన్నింటినీ ఆపేయమను. మొదటిసారి ఆపడానికి ఓడను పేల్చాల్సి వచ్చింది. ఈసారి ఒక మాట చాలింది. అవతలి చేతిలోని క్లోన్లు మాత్రం నడుస్తూనే ఉన్నారు, ఇప్పుడు సామ్రాజ్యం పేరుతో.

ఒకసారి నేను ఎల్సీ, అంటే లైను మీద పనిచేసేందుకు అనుమతి, తీసుకుని, లైను ఆపించి, ఎక్కే ముందు అలవాటుగా తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్ తగిలించాను. టప్పున నిప్పురవ్వలు. ఆపిన లైనులోకి కరెంటు ఎలా వచ్చింది? తీగ వెంట నడుచుకుంటూ పోతే ఒక పెళ్లివారింట్లో జనరేటర్ మోగుతోంది, మెయిన్ స్విచ్ దించకుండా. మాకు తెలియని వైపు నుంచి వస్తోందన్నమాట. మూడో సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఆ పెళ్లివారిల్లే గుర్తొచ్చింది.

ఇక రెండో ప్రశ్న, మళ్లీ లేస్తాయా? కౌరవులైతే లేచారు, లేచి కురుక్షేత్రం దాకా వచ్చారు. సినిమాలో రోబోలను ఆపారే తప్ప అన్నింటినీ విరగ్గొట్టలేదు. మళ్లీ నొక్కేవాడుంటే లేవడానికి అడ్డేముంది?

నిజంగా పడుకున్న రోబో ఒకటి నాకు తెలుసు. చంద్రయాన్-3లో మనవాళ్లు పంపిన ప్రజ్ఞాన్. 26 కిలోలు, ఆరు చక్రాలు. 2023 ఆగస్టు 23న విక్రమ్‌తో దిగింది. చంద్రుడి మీద పగలు మన లెక్కలో 14 రోజులు. పని పూర్తయ్యాక సెప్టెంబర్ 2న, బ్యాటరీ నిండా నింపి, మళ్లీ తెల్లారినప్పుడు వెలుగు పడేలా సౌర ఫలకం తిప్పి నిద్రపుచ్చారు. ఆ రాత్రి చలి మైనస్ 100 డిగ్రీలు దాటి పోతుంది. తెల్లారేది 22న అన్నారు. ఆ రోజు నేను సాయంత్రం దాకా టీవీ ముందు నుంచి లేవలేదు. మీ అవ్వ వంటింట్లోంచి రెండుసార్లు వచ్చి, "లేచిందా?" అని అడిగింది.

లేవలేదు.

సంక్రాంతికి ముందే రండి. ఈసారి నిమ్మలకుంటకు తీసుకెళ్తాను, తెర వెనక కూర్చుందాం.

మీ తాత