40 గీత ఎక్కడిది?

లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ: 38. ఒక ల్యాబ్ రిపోర్టులో ఈ అంకె మామూలుగానే ఉంటుంది, పక్కన 'నార్మల్: 40 లోపు' అని. ఇంకో ల్యాబ్‌లో అదే 38 బోల్డ్ అక్షరాల్లో, పైకి చూసే బాణం గుర్తుతో వస్తుంది. ఇంటింటా ఫ్యాటీ లివర్ మాట వినబడుతున్న ఈ రోజుల్లో, దేన్ని నమ్మాలన్న గొడవ మళ్ళీ మొదలైంది.

1950ల్లో న్యూయార్క్, నేపుల్స్‌లలో ఈ ఎంజైమ్ పరీక్షలు ఎలా మొదలయ్యాయన్నది పాత కథ. తగువంతా నార్మల్‌కు పై హద్దుగా గీసే గీత దగ్గరే. ఆరోగ్యంగా కనిపించేవాళ్ల రక్తం తీసి, పై అంచున ఉన్న కొద్ది శాతాన్ని పక్కన పెట్టి, మిగతా అంకెలను నార్మల్ అనడం ఆనవాయితీ. ఆ గుంపులో బయటపడని జబ్బున్నవాళ్లు ఉంటే గీత దానంతటదే పైకి జరుగుతుంది. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్ దొరికిందే 1989లో. అంతకుముందు దాన్ని మోస్తున్నవాళ్లను ఏరేసే దారే లేదు. (పేరు తెలియని ఆ వైరస్ భయంతోనే 1980ల చివర్లో అమెరికా బ్లడ్ బ్యాంకులు దాతలకు ఎస్‌జీపీటీ చూసేవి.) లివర్‌కు కొవ్వు పట్టడాన్నయితే పెద్దగా పట్టించుకున్నవాళ్లే లేరు.

అసలు మలుపు 2002లో వచ్చింది. మిలాన్‌లో మొదటిసారి రక్తదానానికి వచ్చిన, హెపటైటిస్-సి లేని 6,835 మంది రికార్డులను దానియెలె ప్రాతి అనే డాక్టర్ బృందం తిరగేసింది. బరువు, షుగర్, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు సరిగ్గా ఉండి, మందులేవీ వాడనివాళ్లను మాత్రమే ఉంచితే 3,927 మంది మిగిలారు. వాళ్ల లెక్కతో గీత మగవాళ్లకు 30కి, ఆడవాళ్లకు 19కి దిగింది. అంటే 40 అన్నది ఆరోగ్యానికి కొలత కాదు, కలగాపులగపు గుంపు మీద గీసిన హద్దు.

యంత్రాలు, రసాయనాలు ల్యాబ్‌కొకటి, అంకె తగ్గిస్తే బాగున్నవాళ్లు కూడా టెన్షన్‌తో స్కానింగ్‌లకు క్యూ కడతారు అని ల్యాబ్‌ల వాదన. అందులో నిజం లేకపోలేదు. సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడడం) ముదిరినవాళ్లలోనూ ఒక్కోసారి ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంటుంది కాబట్టి, గీత కిందికి దించినంత మాత్రాన అందరూ దొరకరు కూడా. అయినా 2017లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం మగవాళ్లకు 29-33, ఆడవాళ్లకు 19-25 దాటితే చూడాల్సిందేనంది. మన కేంద్రం 2021లో ఫ్యాటీ లివర్‌ను షుగర్, గుండెజబ్బు, క్యాన్సర్ లాంటి జబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

చాలా రిపోర్టుల్లో మాత్రం ఆడా మగా ఇద్దరికీ ఇంకా ఒకటే గీత.