ఒకసారి వచ్చిపోయాక టీకా దేనికి? మూడు వందల ఏళ్ల నాటి వాదన

"నాకు ఒకసారి వచ్చి తగ్గిపోయింది, ఇంక టీకా దేనికి?" 2021లో కోవిడ్ టీకాలు మొదలైన దగ్గర్నుంచీ చాలామంది అడిగిన ప్రశ్న ఇది. అడిగిన ప్రతివాళ్లనూ టీకా వ్యతిరేకుల కింద జమకట్టేశారు గానీ, ప్రశ్నలో తప్పేమీ లేదు. క్రీస్తుపూర్వం 430లో ఏథెన్స్‌ను అంటువ్యాధి చుట్టుముట్టినప్పుడు, తానూ ఆ జబ్బు పడి లేచిన చరిత్రకారుడు థూసిడైడిస్ ఇదే సంగతి రాసిపెట్టాడు. జబ్బు నుంచి బతికి బయటపడ్డవాళ్లే రోగుల దగ్గర ఎక్కువ కనికరం చూపేవారట, తమకేమీ కాదన్న ధీమాతో. రెండోసారి సోకినా ప్రాణం మీదికి వచ్చేది కాదట. టీకా ఆలోచన పుట్టిందే ఈ అనుభవం నుంచి.

అది వాదనగా మారి వీధికెక్కింది 1721లో, అమెరికాలోని బోస్టన్‌లో. మశూచి ఊరంతా పాకింది. రోగి పొక్కులోని రసి తీసి ఆరోగ్యవంతుడి చర్మం మీద గాటు పెట్టి ఎక్కిస్తే జబ్బు తేలిగ్గా వచ్చిపోతుందని కాటన్ మాథర్ అనే మతబోధకుడికి చెప్పింది ఆఫ్రికా నుంచి తెచ్చిన అతని బానిస, ఒనెసిమస్. జబ్దియెల్ బాయిల్‌స్టన్ అనే వైద్యుడు ముందు తన ఆరేళ్ల కొడుక్కే ఎక్కించాడు. జనం మండిపడ్డారు. మాథర్ ఇంటి కిటికీలోంచి బాంబు కూడా విసిరారు. చివరికి లెక్క తేలింది: మామూలుగా మశూచి సోకినవాళ్లలో నూటికి 14 మంది దాకా పోయారు, గాటు వేయించుకున్నవాళ్లలో నూటికి ఇద్దరు. రెండు వైపులా వచ్చింది అదే జబ్బు. బతికినవాళ్లకు దక్కిన రక్షణ కూడా ఒకటే. తేడా అంతా దానికి చెల్లించిన ధరలో ఉంది. 1796లో ఇంగ్లండ్ వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచితో ఆ ధరను ఇంకా తగ్గించాడు.

మరి రక్షణ ఎన్నాళ్లుంటుంది? దీనికి గట్టి జవాబు ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో దొరికింది. అక్కడ 1781లో తట్టు వచ్చిపోయింది, ఆ తర్వాత 65 ఏళ్లు దాని జాడే లేదు. 1846లో కోపెన్‌హేగన్ నుంచి వచ్చిన ఒక వడ్రంగి దాన్ని మళ్లీ మోసుకొచ్చాడు. దాదాపు 7,800 మంది జనాభాలో 6,000 మంది దాకా మంచాన పడ్డారు. ప్రభుత్వం పంపిన కుర్ర డాక్టరు పీటర్ పానుం ఊరూరూ తిరిగి, ఎవరికి ఎప్పుడు వచ్చిందో రాసుకున్నాడు. 1781లో తట్టు పోసిన ముసలివాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదు. అప్పట్లో తప్పించుకున్న ముసలివాళ్లు మాత్రం ఈసారి దొరికిపోయారు. సహజ ఇమ్యూనిటీ, అంటే జబ్బు వచ్చి తగ్గడంతో దక్కే రక్షణ గొప్పదనానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

కాకపోతే అన్ని జబ్బులూ తట్టులాంటివి కావు. ధనుర్వాతం వచ్చి తగ్గినా రక్షణ మిగలదు, కోలుకున్నవాళ్లూ టీకా వేయించుకోవాల్సిందే. ఆ మాటకొస్తే తట్టు కూడా ఊరికే ఏమీ ఇవ్వదు. టీకా వేయని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇతర జబ్బుల మీద వాళ్లు అప్పటికే కూడగట్టుకున్న యాంటీబాడీల్లో (రోగక్రిములతో పోరాడే రక్తంలోని ప్రొటీన్లు) 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి.

ఇక కోవిడ్. 2020 అక్టోబరులో కొందరు శాస్త్రవేత్తలు గ్రేట్ బారింగ్టన్ ప్రకటన విడుదల చేశారు: ముప్పు ఎక్కువున్నవాళ్లను కాపాడుకుంటూ, మిగతావాళ్లను మామూలుగా బతకనిస్తే సోకి కోలుకున్నవాళ్లతోనే హెర్డ్ ఇమ్యూనిటీ, అంటే జబ్బు ఇక పాకలేనంత మందికి రక్షణ, వస్తుందని. టీకాలు ఇంకా రాని రోజులవి. బ్రెజిల్‌లోని మనౌస్ నగరంలో అప్పటికే నాలుగింట మూడొంతుల మందికి సోకిపోయిందని రక్తదాతల నమూనాలను బట్టి ఒక అంచనా వచ్చింది. అదే నిజమైతే అక్కడ కథ ముగియాలి. 2021 జనవరిలో ఆ ఊరి ఆస్పత్రుల్లో ఆక్సిజన్ అయిపోయి రోగులు ఊపిరాడక చనిపోయారు. అంచనాయే ఎక్కువ వేశారా, ఇమ్యూనిటీ తగ్గిందా, గామా అనే కొత్త వేరియంట్ దాన్ని దాటుకొచ్చిందా అన్న చర్చ తర్వాత చాలాకాలం నడిచింది.

అధికారుల వైపూ తప్పు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 చివర్లో తన వెబ్‌సైట్‌లో హెర్డ్ ఇమ్యూనిటీ నిర్వచనం నుంచి జబ్బు సోకడం అన్న మాటను తీసేసి, విమర్శలు వచ్చాక మళ్లీ చేర్చింది. దాచడానికి ఏదో ఉందన్న అనుమానానికి అంతకంటే ఏం కావాలి? కోలుకున్నవాళ్లకు యూరోపియన్ యూనియన్ 180 రోజులు చెల్లే కోవిడ్ సర్టిఫికెట్ ఇచ్చింది. టీకా తప్పనిసరి చేసిన అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆదేశాలు మాత్రం వాళ్లను లెక్కలోకే తీసుకోలేదు.

2021 ఆగస్టులో రెండు అధ్యయనాలు వెంటవెంటనే వచ్చాయి. రెండు డోసులు వేసుకున్నవాళ్లకు డెల్టా వేరియంట్ సోకే అవకాశం, అదే కాలంలో జబ్బుపడి కోలుకున్నవాళ్లతో పోలిస్తే 13 రెట్లు ఎక్కువని ఇజ్రాయెల్ అధ్యయనం చెప్పింది. టీకా వేసుకోనివాళ్లకు మళ్లీ సోకే అవకాశం 2.34 రెట్లు ఎక్కువని అమెరికాలోని కెంటకీ అధ్యయనం చెప్పింది. ఒక వర్గం మొదటిదాన్ని, ఇంకో వర్గం రెండోదాన్ని పట్టుకుని ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. నిజానికి రెండింటికీ పేచీయే లేదు. కెంటకీలో పోల్చింది కోలుకున్నవాళ్లను కోలుకున్నవాళ్లతోనే, టీకా వేసుకున్నవాళ్లూ వేసుకోనివాళ్లూ అని విడదీసి. కోలుకున్నాక ఒక్క డోసు వేసుకుంటే రక్షణ ఇంకా పెరుగుతుందని ఇజ్రాయెల్ అధ్యయనంలోనే ఉంది. ఆ వాక్యం దాకా చదివినవాళ్లు తక్కువ.

2023 ఫిబ్రవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 19 దేశాల 65 అధ్యయనాలను కలిపి కట్టిన లెక్క వచ్చింది. ఒకసారి సోకినవాళ్లకు తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ పది నెలల తర్వాత కూడా 88 శాతానికి తగ్గలేదు. తొలి ఒమిక్రాన్ వేరియంట్ మళ్లీ సోకకుండా ఆపే శక్తి మాత్రం అదే గడువుకు 36 శాతానికి పడిపోయింది. ఈ లెక్క వచ్చేసరికి టీకా వేసుకున్నవాళ్లకు జబ్బు సోకింది, సోకినవాళ్లు టీకా వేసుకున్నారు. రెండు గుంపుల్నీ విడివిడిగా నిలబెట్టి పోల్చడానికి మనుషులు దొరకడమే కష్టమైపోయింది.