వార్డు ఇంటికొచ్చిన కథ

స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చిన మనిషిని ఇంట్లోనే చూసుకోవడం మన ఆనవాయితీ అనుకుంటాం. 1912 నాటి లూనసీ చట్టం మాత్రం అలా అనుకోలేదు. దాని లెక్కలో ఇంటివాళ్ల పని అర్జీ పెట్టి మనిషిని పిచ్చాసుపత్రికి అప్పగించడమే. లోపలికెళ్లినవాళ్లలో చాలామంది అక్కడే ముసలివాళ్లయ్యారు. హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అనే మాట ఇవాళ్టికీ ఎగతాళిగా చెల్లుతోందంటే ఆ గోడల చలవే.

ఆ గోడలకు మొదట గండి కొట్టింది అమృత్‌సర్‌లో. 1950ల్లో అక్కడి మానసిక వైద్యశాల కిక్కిరిసిపోతే, డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగితోపాటు ఇంటివాళ్లనూ ఉండమన్నారు. వాళ్లు దగ్గరుండి తినిపించారు, జబ్బు తీరు తెలుసుకున్నారు, తమలాంటి కుటుంబాలతో కష్టసుఖాలు చెప్పుకున్నారు, తమ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లారు. వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) కూడా ఆ దశాబ్దంలోనే ఇంటివాళ్లు తోడుండాలనే పద్ధతి పెట్టింది. అప్పుడే ఈ జబ్బుకు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు అందుబాటులోకి రావడంతో ఇంటిదగ్గర వైద్యం కుదిరే పనైంది.

అయితే గుడారంలో పిలిస్తే పలికే డాక్టరుండేవాడు. ఇంట్లో అమ్మే ఉంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం వచ్చాయి. మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అవి ఓపీని కాస్త దగ్గరికి తెచ్చాయేమో గానీ, కొడుకు మాత్రను నాలుక కింద దాచాడా అని చూడటం, మజ్జిగలో కలిపిస్తే మోసమవుతుందా అని మథనపడటం, క్లోజపిన్ అనే మందు మొదలుపెడితే వారం వారం రక్తపరీక్షకు బతిమాలి తీసుకెళ్లడం ఆమె వంతే. నా దృష్టిలో అది జీతం లేని నర్సు ఉద్యోగం. సెలవు కూడా లేదు.

చేతకాక దర్గాల దగ్గర వదిలినవాళ్లూ ఉన్నారు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు రేగినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు తప్పించుకోలేకపోయారు. 28 మంది పోయారు. కుటుంబాలను తిట్టడం అప్పుడు అందరికీ సులువైంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు రోగికే ఇచ్చింది. మంచిదే. కానీ 'మా తర్వాత వీణ్ణెవరు చూస్తారు?' అన్న తల్లిదండ్రుల ప్రశ్న అలాగే ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివాటికి సంరక్షకుణ్ణి నియమించే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో స్కిజోఫ్రీనియాకు చోటు లేదు. మానసిక ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయాల్సిన అవసరం తీరినవాళ్ల కోసం ప్రభుత్వం సామూహిక గృహాలు ఏర్పాటు చేయాలని, లేదా వాటి ఏర్పాటుకు సాయపడాలని 2017 చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. కుటుంబాలు కలెక్టరేట్లో అడగాల్సింది దాని గురించే.