సెల్జూక్‌ల వారసత్వం: క్లాసులో తరచూ వినిపించే అపోహలు, వాస్తవాలు

మధ్యయుగ పశ్చిమాసియా చరిత్ర పాఠం చెప్పే నాకు ఒకప్పుడు సెల్జూక్‌ల మీద ప్రశ్నలే వచ్చేవి కావు. నోట్సులో రెండు పేజీలు, ఒక యుద్ధం, ఒక తేదీ. టర్కీ సీరియళ్లు ఫోన్లలోకి వచ్చాక కథ మారింది. ఇప్పుడు పిల్లలు సుల్తానుల పేర్లు వరసగా అప్పజెప్పేస్తున్నారు. కాకపోతే అందరి బుర్రల్లోనూ గుర్రాలు, కత్తులే. ఆ సామ్రాజ్యం నుంచి మిగిలినవాటిలో ఎక్కువ భాగం దఫ్తరాల్లో, మదర్సాల్లో, మసీదుల్లో, దారిపక్క సత్రాల్లో ఉందని చెబితే కొంచెం నిరాశపడతారు కూడా.

ముందుగా రెండు ముక్కల్లో నేపథ్యం. సెల్జూక్‌లు మధ్యాసియా నుంచి వచ్చిన ఓగుజ్ టర్కులు. 1040లో దండనాకాన్ దగ్గర గజనీ మహమూద్ కొడుకు మసూద్‌ను ఓడించి ఖొరాసాన్ (ఈశాన్య ఇరాన్, దాని చుట్టుపక్కల ప్రాంతం) గెలుచుకున్నారు. 1055లో వాళ్ల మొదటి సుల్తాన్ తుగ్రిల్ బాగ్దాద్‌లో అడుగుపెట్టాడు. అప్పటి నుంచి ఖలీఫాకు గౌరవం, సుల్తానుకు అధికారం.

అపోహ: సెల్జూక్‌ల మంత్రి నిజాం ఉల్ ముల్క్ మన హైదరాబాద్ నిజాంల పూర్వీకుడు.

ఇది నేను వినే మొదటి ప్రశ్న. చుట్టరికం ఏమీ లేదు. అది పేరు కాదు, బిరుదు. సెల్జూక్‌ల మంత్రి అసలు పేరు అబూ అలీ హసన్, ఊరు ఖొరాసాన్‌లోని తూస్, పర్షియన్. మన మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌కు మొఘల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ అదే బిరుదు ఇచ్చాడు. ఆరు వందల ఏళ్ల తర్వాత, ఇంత దూరంలో, ఒక పెద్ద అధికారిని గౌరవించాలంటే అదే బిరుదు తోచింది. అది మాత్రం గమనించాల్సిన విషయమే.

ఆల్ప్ అర్స్‌లాన్, మాలిక్ షా అనే ఇద్దరు సుల్తానుల దగ్గర దాదాపు ముప్పై ఏళ్లు రాజ్యం నడిపింది ఈయనే. పాలన మీద ఫార్సీలో రాసిన సియాసత్‌నామాలో చాలా ఆచరణాత్మకమైన సలహాలున్నాయి. ఇక్తాదారుకు, అంటే ఒక ప్రాంతం పన్ను వసూలు చేసుకునే హక్కు పొందిన అధికారికి, రావాల్సిన పన్నే రావాలి, రైతు ప్రాణం మీద, ఇంటి మీద, భార్యాబిడ్డల మీద అతనికి హక్కు లేదు. ఎవరినీ ఒకేచోట పాతుకుపోనివ్వకుండా రెండు మూడేళ్లకోసారి మార్చాలి. మన ఆఫీసుల్లో ట్రాన్స్‌ఫర్ అంటే భయపడేవాళ్లకు ఈ లాజిక్ బాగానే అర్థమవుతుంది. అన్నట్టు, ఇంత చెప్పిన పెద్దమనిషి తన కొడుకులను, బంధువులను మాత్రం పదవుల్లో బాగానే సర్దుకున్నాడు.

అపోహ: నిజాం ఉల్ ముల్క్, ఒమర్ ఖయ్యామ్, హసన్ సబ్బా ఒకే బడిలో చదివిన స్నేహితులు.

ఒకడు మంత్రి, ఒకడు కవి, ఒకడు హంతకుల ముఠా నాయకుడు. కథ అద్భుతంగా కుదిరింది కాబట్టే ఇన్నాళ్లు బతికింది. కానీ నిజాం ఉల్ ముల్క్ పుట్టింది 1018లో, ఖయ్యామ్ పుట్టింది 1048లో. ముప్పై ఏళ్ల తేడా ఉన్నవాళ్లు ఒకే బెంచీలో కూర్చోలేరు.

ఖయ్యామ్ అంటే మధుపాత్ర అనే ముద్ర కూడా ఇక్కడే వదిలించుకోవాలి. సమకాలీనులకు ఆయన ప్రధానంగా గణిత, ఖగోళ పండితుడు. ఘన సమీకరణాలను రకాలుగా విడదీసి, శంకుపరిచ్ఛేదాలతో సాధించిన మనిషి. మాలిక్ షా ఇస్ఫహాన్‌లో వేధశాల పెట్టించి, అందులో పండితుల బృందానికి పంచాంగ సంస్కరణ అప్పగించాడు. ఆ బృందంలో ఖయ్యామ్ ఒకడు. 1079లో అమల్లోకి వచ్చిన ఆ జలాలీ పంచాంగంలో కొత్త సంవత్సరం వసంత విషువత్తుతో, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుతో మొదలవుతుంది. ఇరాన్ 1925లో చట్టం చేసి నేటికీ వాడుతున్న సౌర క్యాలెండర్‌కు మూలం అదే. సెల్జూక్‌ల వారసత్వంలో రోజూ గోడ మీద కనబడేది ఏదని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

అపోహ: పర్షియన్ మోజులో పడి సెల్జూక్‌లు తాము టర్కులమన్న సంగతే మర్చిపోయారు.

దఫ్తరం, కవిత్వం ఫార్సీలో నడిచాయి, నిజమే. ఆ పద్ధతి కూడా వాళ్లు కనిపెట్టింది కాదు, గజనీ కొలువులో అప్పటికే ఉంది. కానీ తుగ్రిల్ నాణేల మీద విల్లు, బాణం గుర్తు అలాగే ఉంది. మహమూద్ కాష్గరీ అనే పండితుడు టర్కుల భాషల మీద అరబ్బీలో పెద్ద నిఘంటువు తయారుచేసింది 1070ల్లో, వాళ్ల ఏలుబడిలోని బాగ్దాద్‌లోనే. అన్నిటికంటే ముఖ్యం, రాజ్యం ఒక్కడి సొత్తు కాదు, వంశం మొత్తానిదన్న పాత అలవాటు పోలేదు. అన్నదమ్ములు, పినతండ్రులు వాటాలకు దిగడం చివరిదాకా ఆగలేదు. 1092లో ముందు నిజాం ఉల్ ముల్క్ హత్య, కొన్ని వారాలకే మాలిక్ షా మరణం. వెంటనే వారసత్వ యుద్ధాలు మొదలయ్యాయి.

అయితే రాజ్యం అక్కడితో ముగిసిందనుకోవడం కూడా పొరపాటే. తూర్పున మాలిక్ షా కొడుకు సంజర్ 1157 వరకు ఉన్నాడు. అనటోలియాలోని (నేటి టర్కీలోని) రూమ్ సెల్జూక్‌లు 14వ శతాబ్దం మొదటిదాకా లాగించారు.

ఇస్ఫహాన్ జుమ్మా మసీదుకు వెళ్లేవాళ్లు రెండు గుమ్మటాలనూ చూడాలి. దక్షిణం వైపుది నిజాం ఉల్ ముల్క్ కట్టించాడు. ఆయన ప్రత్యర్థి తాజ్ ఉల్ ముల్క్ 1088లో ఉత్తరం వైపు ఇంకొకటి కట్టించాడు. పరిమాణంలో చిన్నది, పనితనంలో గొప్పది. ఇద్దరు మంత్రుల పోటీ ఇటుకల్లోకి ఎక్కింది. చివరికి తాజ్ ఉల్ ముల్క్‌ను 1093లో నిజాం మనుషులే చంపేశారు.

అపోహ: 1071లో మాంజికెర్ట్ యుద్ధంతో అనటోలియా ఒక్కరోజులో టర్కీ అయిపోయింది.

అసలు ఆ ఏడు ఆల్ప్ అర్స్‌లాన్ చూపు ఈజిప్టునేలే ఫాతిమీ ఖలీఫాల మీద ఉంది. సిరియాలోని అలెప్పో దగ్గర ఉండగా బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం) సైన్యం వస్తోందని తెలిసి వెనక్కి తిరిగాడు. చక్రవర్తి రొమానోస్ బందీ అయ్యాడు. సుల్తాన్ అతన్ని మర్యాదగా చూసి, కప్పం ఒప్పందంతో వదిలేశాడు. తర్వాత అతని కళ్లు పొడిపించింది సొంతవాళ్లు.

అసలు నష్టం ఆ తర్వాతి పదేళ్లలో జరిగింది. సింహాసనం కోసం కొట్టుకున్న బైజాంటైన్ సేనానులే టర్కుల దళాలను కిరాయికి పిలిచి కోటల్లో కూర్చోబెట్టారు. కాన్‌స్టాంటినోపుల్‌కు దగ్గర్లోని నైసియా నగరం అలాగే చేజారింది. ఆ తర్వాత కూడా గ్రీకులు, ఆర్మేనియన్లు శతాబ్దాల పాటు అక్కడ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. ఆ నేలను మార్చింది ఒక యుద్ధం కాదు, నెమ్మదిగా సాగిన వలసలు, పెళ్లిళ్లు, వర్తకం. కొన్యా-అక్సరాయ్ దారిలో రూమ్ సుల్తాన్ కైకుబాద్ 1229లో కట్టించిన సుల్తాన్ హాన్ లాంటి సత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

అపోహ: మదర్సాలు నిజాం ఉల్ ముల్క్ కనిపెట్టాడు.

నిషాపూర్‌లో అంతకుముందే ఉన్నాయి. ఈయన చేసింది వాటికి వక్ఫు ఆదాయం, గురువులకు జీతం, విద్యార్థులకు భత్యం కల్పించి, ఊరూరా ఒక గొలుసులా నిలబెట్టడం. 1067లో తెరిచిన బాగ్దాద్ నిజామియాలో తర్వాత ప్రసిద్ధ ఇస్లామిక్ పండితుడు గజాలీ బోధించాడు.

అపోహ: రూమీ టర్కీ కవి. కాదు, ఇరాన్ కవి.

ఈ వాదనకు నా దగ్గర ఓపిక తక్కువ. పుట్టింది బాల్ఖ్ ప్రాంతంలో, బతికింది, 1273లో చనిపోయింది సెల్జూక్‌ల కొన్యాలో, రాసింది ప్రధానంగా ఫార్సీలో. ఆ కాలపు మనిషికి ఈనాటి పాస్‌పోర్టు ఇవ్వలేం.

అపోహ: మనకూ వాళ్లకూ ఏ సంబంధమూ లేదు.

సెల్జూక్ సుల్తానెవరూ తెలుగునేల మీద కాలు పెట్టలేదు. కానీ ఢిల్లీ సుల్తానులు నడిపిన ఇక్తాల విధానం అటువైపు నుంచి వచ్చిందే. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీది ఇరాన్‌లోని హమదాన్. 12వ శతాబ్దంలో పశ్చిమ సెల్జూక్‌ల రాజధాని అది. అతని వంశం ఖరా ఖోయున్లు టర్క్‌మెన్లది, కొలువు భాష ఫార్సీ. టర్కు సుల్తాన్, పర్షియన్ దఫ్తరం అన్న అమరిక ఇక్కడికి వచ్చాక ఇంకో మెట్టు చేరింది: కుతుబ్‌షాహీ ఫర్మానాల్లో కొన్ని ఫార్సీతోపాటు తెలుగులోనూ రాయించారు, చివరి సుల్తాన్ తానీషా కాలానికి మంత్రి పదవి మాదన్న చేతికి వచ్చింది.