యూదుల దానధర్మం: గుప్తదానమే పై మెట్టా?

న్యూయార్క్‌లోని ఒక యూదు సహాయ సంస్థలో కేస్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. సాయం కోరి వచ్చేవారూ, విరాళం ఇచ్చేవారూ, ఇక్కడి మన తెలుగు మిత్రులూ ఒకే మాట అంటారు: "మీ దగ్గర గుప్తదానమే అన్నిటికంటే గొప్పదట కదా!" ఆ మాట వినీ వినీ విసిగిపోయాను. ఎందుకంటే దాని వల్ల మనుషులు నష్టపోతున్నారు.

అపోహ: సెదకాలో, అంటే యూదుల దానధర్మంలో, గుప్తదానానిదే మొదటి స్థానం.

వాస్తవం: దానిది రెండో స్థానం. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్రంలో ఎనిమిది మెట్లు చెప్పాడు. ఇచ్చేది ఎవరో, పుచ్చుకునేది ఎవరో పరస్పరం తెలియని దానాన్ని పైనుంచి రెండో మెట్టు మీద పెట్టాడు. అన్నిటికంటే పైన ఉన్నవి అప్పు, వ్యాపారంలో భాగస్వామ్యం, చేతికి పని. అంటే మనిషి చేయి చాచే దాకా రాకముందే ఆదుకోవడం. దీనికి ఆధారం బైబిలులోని లేవీయకాండం 25:35. ఆ వచనానికి పాత వ్యాఖ్యాతలు గాడిద మీది బరువును ఉదాహరణగా చూపారు. బరువు ఒరుగుతున్నప్పుడు ఒక్కడు పట్టుకుంటే నిలుస్తుంది, కింద పడ్డాక ఐదుగురు పట్టినా లేవదు.

అయినా సాయమంటే సర్వం పోయినవాళ్లకేనని ఎవరో చెబుతారు, జనం నమ్ముతారు. క్వీన్స్‌లో ఒక దర్జీ అద్దె బాకీ తీర్చడానికి కుట్టుమిషన్లు రెండూ అమ్మేసి, ఆ తర్వాత ఆహారం కోసం మా దగ్గరికి వచ్చాడు. తల ఎత్తలేదు. మిషన్లు ఉండగా వచ్చి ఉంటే వడ్డీ లేని రుణం ఇప్పించేవాళ్లం, దుకాణం నిలిచేది. ఆయనను తప్పుపట్టను. తప్పంతా ఆ పుకారుదే.

అపోహ: అడిగితే ముందు పేదరికం నిరూపించుకోమంటారు, పరువు పోతుంది.

వాస్తవం: ఆకలి అని వచ్చినవాడిని విచారించకూడదన్నది యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్ నియమం. బట్టలు అడిగితే విచారించవచ్చు. అందులోని ఒక కథలో మార్ ఉక్బా అనే పండితుడు రోజూ ఒక పేదవాడి గుమ్మం దగ్గర నాలుగు జూజ్‌లు (ఆనాటి వెండి నాణేలు) పెట్టి వెళ్లేవాడు. ఒకనాడు ఆ ఇచ్చేదెవరో చూద్దామని పేదవాడు బయటికి వస్తే, మార్ ఉక్బా, ఆయన భార్య పరుగెత్తి, అప్పుడే నిప్పులు ఊడ్చిన పెద్ద పొయ్యిలో దాక్కున్నారు. ఆయన కాళ్లు కాలాయి. సాటి మనిషిని నలుగురిలో సిగ్గుపరచడం కంటే మంటల్లో పడటమే మేలని ఆ కథ చెబుతుంది. సాయం అడగడానికి భయపడేవాళ్లకు నేను మొదట ఈ కథే చెబుతాను.

అపోహ: గుప్తమంటే లెక్కాపత్రం ఉండదు.

వాస్తవం: సామూహిక నిధిని ఇద్దరు వసూలు చేయాలి, ముగ్గురు పంచాలి. తాల్ముద్‌కు మూలమైన మిష్నాలోనే ఇది ఉంది.

అపోహ: ఈ సాయం యూదులకు మాత్రమే.

వాస్తవం: కాదు. యూదుల పేదలతో పాటు ఇతరుల పేదలనూ పోషించాలని తాల్ముదే అంటుంది.

వచ్చే నెల అద్దె కట్టలేమని ఈ నెలలోనే తెలిస్తే, ఈ నెలలోనే రండి. రుణానికి సాధారణంగా జామీనుదారులు కావాలి, వాళ్లను వెతకడానికి కొంత సమయం పడుతుంది. పనిముట్లు మాత్రం అమ్మకండి.