గ్లాస్గోలో మీ మావయ్యకు ఓటెలా వచ్చింది

మైలాపూరు, చెన్నై
మంగళవారం సాయంత్రం

చిట్టికీ నానికీ,

మొన్న ఆదివారం మీరిద్దరూ అన్నం మధ్యలో వదిలేసి అరుచుకున్నారు. చిట్టీ, స్కూల్లో డిబేట్ ఉందని నువ్వు స్కాట్లండ్ రెఫరెండం గురించి, అంటే బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని 2014లో అక్కడి జనం చేత వేయించిన ఓటు గురించి చదివి వచ్చావు. "జనం ఓటేసి విడిపోతామంటే విడిపోనివ్వాలి, అంతే" అన్నావు. "అలాగైతే రేపు మా వీధి కూడా వేరే దేశం అవుతుంది" అన్నాడు నాని. ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు సరిగ్గా తెలీదు, చెవి మిషన్ తీసి పక్కన పెట్టేశాను. కళ్ళు తెరిచేసరికి నువ్వు కంచం పట్టుకుని బాల్కనీలో ఉన్నావు, వాడు నీ అప్పడం కూడా తినేస్తున్నాడు.

ఎదురుగా కూర్చోబెట్టి చెబుదామంటే రెండో మాటకే ఫోన్లు తీస్తారు. అందుకే రాస్తున్నాను. ఉత్తరానికి అడ్డం తగలడం కుదరదు.

2014లో మన ఇంట్లో పొద్దున్నా సాయంత్రం విడిపోవడం గురించే మాటలు. జూన్ 2న తెలంగాణ వేరే రాష్ట్రమైంది. అది దేశంలోపలి సంగతి, పార్లమెంటు చట్టం చేసింది, ఓటింగు పెట్టి జనాన్ని అడగలేదు. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం ఆ అధికారం పార్లమెంటుదే. రాష్ట్రం వేరు, దేశం వేరు, రెంటినీ కలపకండి. తెలంగాణ గొడవ ఇంకా చల్లారకముందే సెప్టెంబరులో గ్లాస్గో నుంచి శ్రీను మావయ్య ఫోన్ చేశాడు. కంపెనీ పంపిస్తే వెళ్ళి అప్పటికి రెండేళ్ళు. "పిన్నీ, నాకూ ఓటు వచ్చింది!" అన్నాడు.

"వాళ్ళ దేశం కలిసుండాలో విడిపోవాలో తేల్చడానికి మధ్యలో నువ్వెవరివిరా?" అన్నాను. నిజంగా అలాగే అన్నాను.

వాడు చెప్పింది విన్నాక నాకు మతిపోయింది. సెప్టెంబరు 18 నాటి ఆ రెఫరెండంలో స్కాట్లండ్‌లో కాపురముంటున్న వాళ్ళకే ఓటు. బ్రిటిష్ వాళ్ళతో పాటు, అక్కడ చట్టప్రకారం ఉంటున్న కామన్వెల్త్ దేశాల వాళ్ళకూ, యూరోపియన్ యూనియన్ దేశాల వాళ్ళకూ ఓటుంది. ఇండియా కామన్వెల్త్‌లో ఉంది కాబట్టి తెనాలిలో పుట్టిన మీ మావయ్య ఓటరు. వాడి టీమ్ లీడర్ గ్లాస్గోలోనే పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం లండన్ వెళ్ళిన మనిషి. ఆయనకు ఓటు లేదు. ఆయన వాళ్ళమ్మకు ఉంది, ఆమె ఇంట్లో అద్దెకున్న మీ మావయ్యకు ఉంది, ఆయనకు మాత్రం లేదు. ఆ నెలంతా ఆఫీసు ఫోన్లలో ఆయన మీ మావయ్యతో పొడిపొడిగా మాట్లాడాడట.

అన్యాయం అనిపిస్తోందా? నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత మా ఫ్లాట్ల అసోసియేషన్ గుర్తొచ్చింది. ఇక్కడ ఇరవై నాలుగు ఇళ్ళు. కొత్త బోరు వేయాలా వద్దా అని ఒకసారి ఓటింగు పెట్టారు. ఓనర్లకే ఓటు అన్నారు. ఓనర్లలో తొమ్మిది మంది అమెరికాలో ఉన్నారు, వాట్సాప్‌లో ఓటేశారు. మెట్రో వాటర్ రాక, పొద్దున్నే నాలుగింటికి లేచి ట్యాంకర్ లారీ దగ్గర బిందెలు పట్టుకున్న అద్దె వాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ నీళ్ళు తాగేది వాళ్ళు! అప్పట్నుంచి నేను స్కాట్లండ్ వాళ్ళ పక్షం. రేపు ఆ ఊళ్ళో పన్ను కట్టేదీ, ఆసుపత్రి క్యూలో నిలబడేదీ ఎవరో వాళ్ళే తేల్చుకోవాలి. తాతయ్య ఇది ఒప్పుకునేవారు కాదు. "పుట్టిన ఊరు మీద హక్కు పోతుందా?" అనేవారు. ఆ వాదంలోనూ బలం ఉంది, ఎందుకంటే ఆయనా పుట్టిన ఊరు వదిలి వచ్చిన మనిషే.

ఇంకో సంగతి. ఆ ఓటు కోసం అక్కడ వయసు 16కి తగ్గించారు. అంటే చిట్టీ, నువ్వక్కడ ఉండి ఉంటే నీకు ఓటు. నానీ, నీకు లేదు. ఈ ముక్క పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టకండి.

ఇక ప్రశ్న. మీరిద్దరూ అసలు చూడనిది ఇదే. విడిపోవాలనే స్కాటిష్ నేషనల్ పార్టీ 2011లో స్కాట్లండ్ పార్లమెంటు ఎన్నికల్లో మెజారిటీ తెచ్చుకుంది. వాళ్ళ నాయకుడు అలెక్స్ శామండ్, బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ 2012 అక్టోబరులో ఎడిన్‌బరోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. ప్రశ్న ఏ మాటల్లో ఉండాలో మొదట స్కాట్లండ్ ప్రభుత్వం రాసింది. "స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు ఒప్పుకుంటున్నారా?" అని. బ్రిటన్ ఎన్నికల సంఘమైన ఎలక్టోరల్ కమిషన్ దాన్ని మామూలు జనానికి చూపించి పరీక్షించి, "ఒప్పుకుంటున్నారా" అన్నమాటే అవును వైపు తోస్తోందని చెప్పింది. ఆ మాట తీసేశారు. చివరికి "స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా?" అని మిగిలింది. దానికి అవును, కాదు. అంతే.

ఒక్క మాటకు ఇంత రాద్ధాంతమా అనుకోకండి. మా సెక్రటరీ పంచిన కాగితంలో ఏముందో తెలుసా? "ట్యాంకర్ల మీద వృథా ఖర్చు ఆపేందుకు బోరు వేయడానికి మీరు సమ్మతిస్తున్నారా?" వృథా ఖర్చు కావాలని ఎవరంటారు? ఆ కాగితం మీద కాదు అని రాస్తే నేనేదో దుబారా మనిషిని అన్నట్టు ఉంది. రాశాననుకోండి. ఓడిపోయాను. మూడొందల అడుగులు తవ్వితే ఉప్పు నీళ్ళు పడ్డాయి, అది వేరే కథ.

కెనడాలో క్యుబెక్ రాష్ట్రం వాళ్ళు 1995 అక్టోబరు 30న అడిగిన ప్రశ్న చూస్తే మా సెక్రటరీ మేలనిపిస్తుంది. కెనడాకు కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం కోసం లాంఛనంగా ప్రతిపాదన పంపాక, క్యుబెక్ భవిష్యత్తు మీది బిల్లుకూ, జూన్ 12న సంతకాలైన ఒప్పందానికీ లోబడి, క్యుబెక్ సార్వభౌమం కావడానికి ఒప్పుకుంటారా అని. వేరే దేశం అన్న మాట అందులో లేదు. ఊపిరి బిగబట్టి చదవాలి. 93 శాతానికి పైగా ఓటేశారు. కాదన్నవాళ్ళు 50.58 శాతం, అవునన్నవాళ్ళు 49.42. తేడా సుమారు 54 వేల ఓట్లు. ఆ రాత్రే క్యుబెక్ ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి వాడు, జాక్ పారిజో, మమ్మల్ని డబ్బూ, వలస వచ్చిన జాతుల ఓట్లూ ఓడించాయని మైకులో అనేశాడు. మర్నాడు రాజీనామా ప్రకటించాడు. శ్రీను మావయ్య లాంటి వాళ్ళ మీద పడ్డ మాట అది. ఓటు ఇచ్చి, ఓడాక ఆ ఓటు లెక్కలోది కాదంటే ఎలా?

అవతల 2000లో కెనడా ఒక చట్టం తెచ్చింది. ప్రశ్న స్పష్టంగా ఉండాలి, మెజారిటీ కూడా స్పష్టంగా ఉండాలి అని. ఎంతయితే స్పష్టమో అంకె మాత్రం రాయలేదు. ఆ అంకె దగ్గరే అందరికీ చిక్కు. నానీ, "సగానికి ఒక్కటెక్కువ వస్తే చాలా?" అని ఆదివారం నువ్వడిగావు కదా. అది మాత్రం మంచి ప్రశ్న, అక్క మీద కోపంలో అడిగినా.

స్కాట్లండ్ వాళ్ళకే ఇది ఒకసారి జరిగింది. 1979లో, స్వాతంత్ర్యం కోసం కాదు, ఎడిన్‌బరోలో సొంత అసెంబ్లీ కోసం ఓటేశారు. పోలైన వాటిలో 51.6 శాతం కావాలన్నారు. అయినా అసెంబ్లీ రాలేదు! ఎందుకంటే మొత్తం ఓటర్లలో 40 శాతం అవును అనాలని ముందే షరతు పెట్టారు. మొత్తం మీద లెక్కేస్తే 33 శాతం కూడా కాలేదు. అంటే ఇంట్లో కూర్చుని టీ తాగినవాడు కూడా వద్దన్నట్టే లెక్క. ఆ షరతు పెట్టించిన ఎంపీ జార్జ్ కన్నింగ్‌హామ్ లండన్‌లోని ఒక నియోజకవర్గం సభ్యుడు, కానీ మనిషి స్కాట్లండ్ వాడే. మాంటెనెగ్రో 2006లో సెర్బియా నుంచి విడిపోయినప్పుడు 55 శాతం రావాలన్నారు. 55.5 వచ్చింది. అరశాతంతో గట్టెక్కింది.

నా మటుకు నాకు, ఇల్లు పగిలే విషయంలో ఒక్క ఓటు తేడా చాలదనిపిస్తుంది. చిట్టి వెంటనే అడుగుతుంది, కలిసుండటానికి మాత్రం ఒక్క ఓటు చాలా అమ్మమ్మా అని. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. విడిపోతే మళ్ళీ అతకడం కష్టం, ఉండిపోతే ఇంకోసారి అడగొచ్చు అని మాత్రం అంటాను. స్కాట్లండ్‌లో 2014లో కాదన్నవాళ్ళు 55.3 శాతం, అవునన్నవాళ్ళు 44.7. ఈ తరానికి ఒకే అవకాశం అని అప్పుడు శామండ్ కూడా అన్నారు. రెండేళ్ళు తిరక్కుండా బ్రిటన్ మొత్తం యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదామని ఓటేసింది. స్కాట్లండ్ మాత్రం 62 శాతంతో ఉందామంది. కలిసుంటేనే యూరప్‌లో ఉంటారని మాకు చెప్పి ఓట్లు వేయించుకున్నారు కదా అని అక్కడ జనం మండిపడ్డారు. మళ్ళీ అడగాలన్నారు. లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకోకుండా స్కాట్లండ్ పార్లమెంటు తనంతట తాను రెఫరెండం పెట్టలేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇంకోసారి అడగొచ్చు అన్న నా మాట కూడా అంత గట్టిది కాదు.

లండన్ ఒప్పుకోకపోయినా పెట్టేస్తే? స్పెయిన్‌లో కాటలోనియా 2017 అక్టోబరు 1న పెట్టింది. రాజ్యాంగ కోర్టు ఆపమన్నా ఆపలేదు. పోలీసులు పోలింగు కేంద్రాల్లోకి దూరి ముసలీముతకా అని చూడకుండా ఈడ్చేశారు. టీవీలో చూసి నేను అన్నం తినలేకపోయాను. లెక్కలో 90 శాతం అవునన్నారు. కానీ ఓటేసింది నూటికి 43 మందే, వద్దనేవాళ్ళు చాలామంది అసలు రాలేదు. అవతలి జట్టు ఆడటానికే రాకపోతే నూరు గోల్సు కొట్టి ఏం లాభం? లాఠీ ఎత్తినవాళ్ళకు మాత్రం ఆ కారణం చాలదు, అది కూడా రాసుకో నానీ.

గ్లాస్గోలో అలాంటిదేమీ జరగలేదు. జరిగిందల్లా గోల. మీ మావయ్య చెప్పేవాడు, బస్సులో పక్కవాళ్ళు చమురు ఆదాయం గురించి, పౌండు మనకు ఉంటుందా ఊడుతుందా అన్నదాని గురించి తగవులాడుకునేవాళ్ళట. పౌండు పంచుకోవడం కుదరదని బ్రిటన్ ఆర్థిక మంత్రి తేల్చేశాక అదే పెద్ద టెన్షన్. కిటికీకి అవును పోస్టరు ఉన్న ఇంట్లోనే మేడ మీద కిటికీకి కాదు పోస్టరు. 84.6 శాతం వచ్చి ఓటేశారు. గ్లాస్గో ఊరు అవును అంది, దేశం కాదంది. మీ మావయ్య ఎటు వేశాడో ఈ రోజుకీ చెప్పలేదు. వాళ్ళావిడకీ చెప్పలేదట, దానికామె ఇంకా సాధిస్తోంది.

మన ఇంటి కథ కూడా ఒకటి చెప్పాలి. మా నాన్న, అంటే మీ ముత్తాత, జార్జిటౌన్‌లో ఒక ప్రెస్సులో తెలుగు కంపోజిటర్. 1952లో "మద్రాసు మనదే" అని మనవాళ్ళూ, తల ఇచ్చయినా తలనగరాన్ని కాపాడుకుంటామని తమిళులూ కరపత్రాలు వేసేవాళ్ళు. రెండూ మా నాన్న పనిచేసే ప్రెస్సులోనే అచ్చయ్యేవి. తెలుగువి నాన్న కూర్చేవారు, తమిళంవి పక్క స్టూలు మీద కూర్చునే ఆయన. డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ఇక్కడే, రాయపేట హైరోడ్డులో, నిరాహార దీక్షలో యాభై ఎనిమిదో రోజున పోయారు. నాకప్పుడు ఆరేళ్ళు, వీధి తలుపులు వేసేయడం ఒక్కటే గుర్తు. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా, కర్నూలు రాజధానిగా. మద్రాసులో ఓటు పెట్టాల్సిందని నాన్న చాలా ఏళ్ళు అన్నారు. పక్క స్టూలాయన, "పెడితే ఓడిపోయేవాళ్ళు సార్, పెట్టకపోవడం వల్ల ఇంకా మాట్లాడగలుగుతున్నారు" అన్నారట. ఆ మాటకు ఇద్దరూ ఆరు నెలలు మాట్లాడుకోలేదు. జీతాలు ఆలస్యమయ్యాక కలిసి యజమాని దగ్గరికి వెళ్ళాల్సి వచ్చి మళ్ళీ మాట్లాడుకున్నారు.

మా మేనత్త తిరుత్తణిలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న, "ఆంధ్రప్రదేశ్‌లో పడుకుని మద్రాసు రాష్ట్రంలో లేచాను" అనేది. రెండు రాష్ట్రాల మధ్య హద్దు తేల్చడానికి వచ్చిన పటాస్కర్ గారు ఊళ్ళవారీగా భాష లెక్కలు చూసి హద్దు గీశారు. లెక్క సరైనదే కావచ్చు. కానీ నన్నెవరూ అడగలేదే అన్నది ఆమె చివరి వరకూ వదల్లేదు. పాండిచ్చేరి వెళ్ళేటప్పుడు కీళూరు మీకు చూపిస్తాను. 1954 అక్టోబరు 18న ఫ్రెంచి పాలన వదిలి ఇండియాలో కలవాలా అని అక్కడ ఓటేశారు. వేసింది 178 మంది ప్రతినిధులు, 170 అవును, 8 కాదు. మిగతా జనం బయట నిలబడ్డారు. ఆ ఎనిమిది మంది ఎవరో, ఆ రోజు ఇంటికెళ్ళి ఏం చెప్పుకున్నారో అని నాకు ఎప్పుడూ కుతూహలం.

చీకటి పడింది, కళ్ళు లాగుతున్నాయి. ఆదివారం వస్తారుగా, గోంగూర చేస్తాను. చిట్టీ, డిబేట్‌కి మీ టీచరు ఇచ్చిన ప్రశ్నను ఒక్క అక్షరం మారకుండా కాగితం మీద రాసి తీసుకురా. "స్కాట్లండ్ గురించి" అని చెబితే కుదరదు, ఆయన రాసిన వాక్యం కావాలి. నానీ, నువ్వు అదే ప్రశ్న అక్క ఓడిపోయేలా ఎలా రాయొచ్చో రాసి పట్టుకురా. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. అప్పడాలు ఎక్కువే వేయిస్తాను.

మీ అమ్మమ్మ