బండి రేడియేటర్‌కు ఫ్యాన్ బిగించడం: అపోహలు - వాస్తవాలు

2008లో యమహా ఆర్15, 2012లో డ్యూక్ 200, పల్సర్ 200ఎన్ఎస్ బైకులు వచ్చాక రేడియేటర్ (ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్ ద్రవాన్ని గాలితో చల్లబరిచే జాలీ) ఉన్న బండి మన రోడ్ల మీద మామూలైపోయింది. 2023లో హిమాలయన్ 450తో రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా ఈ దారికొచ్చింది. ఈ బండ్లకు కంపెనీయే ఫ్యాన్ ఇస్తుంది. అయినా మార్చి దాటగానే మా రిపేరు షెడ్డుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఇంకో ఫ్యాన్ బిగించు, లేదా పెద్దది వెయ్యి." కొందరికి అది నిజంగా అవసరం. చాలామందికి మాత్రం అసలు జబ్బు వేరే చోట ఉంటుంది.

అపోహ: ఇంజిన్ వేడెక్కుతోందంటే ఫ్యాన్ చాలట్లేదనే.

వేడెక్కేది ఆగినప్పుడా, పరిగెత్తేటప్పుడా? బండి మీద చెయ్యి వేయకముందే నేను అడిగేది ఇదే. బండి కదలనప్పుడు రాని గాలిని తెచ్చిపెట్టడమే ఫ్యాన్ పని. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో రేడియేటర్‌కు ఎదురొచ్చే గాలి సెకనుకు 11 మీటర్లు. అరచేయంత ఫ్యాన్ ఆ జాలీలోంచి అంత గాలిని లాగలేదు, అప్పుడు లాగాల్సిన అవసరమూ లేదు.

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర వేడి చూపే మీటర్ కాటా ఎక్కి, రోడ్డు ఖాళీ అవగానే దిగుతోందంటే ఫ్యాన్ వైపు చూడాలి. తాళం తీసేసి రెక్కలు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతున్నాయా, ఫ్యూజ్ బాగుందా, సెన్సర్ కనెక్టర్‌లో తుప్పు ఉందా అని చూడండి. విజయవాడ హైవే మీద సాఫీగా పోతుండగానే కాటా ఎక్కుతోందంటే ఫ్యాన్ మార్చి లాభం లేదు. కూలెంట్ తగ్గి ఉండొచ్చు, లోపల గాలి ఇరుక్కుని ఉండొచ్చు, వాటర్ పంప్ రెక్క అరిగి ఉండొచ్చు, రేడియేటర్ లోపలో బయటో పూడుకుపోయి ఉండొచ్చు.

హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్‌కు, దాని పై హెడ్‌కు మధ్య ఉండే సీలు) మీద అనుమానం ఉంటే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట నాలుగు బుడగలు వస్తే పర్వాలేదు. ఆగకుండా వస్తూనే ఉంటే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతున్నట్టే. అలాంటి బండికి ఎన్ని ఫ్యాన్లు పెట్టినా డబ్బు దండగ. వేడి మీద మాత్రం ఆ మూత ఎప్పుడూ తీయకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న ద్రవం ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

అపోహ: మీటర్ 100 డిగ్రీలు దాటితే ఇంజిన్ పాడైనట్టే.

కాదు. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలుపుతుంది. చాలా బండ్లలో అది 1.1 బార్ మూత, అంటే బయటి గాలి ఒత్తిడి మీద ఇంకో అంత పైగా నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 120 దాటితే గానీ మరగవు. కూలెంట్ కలిపితే ఇంకా పైకి పోతుంది. ఫ్యాన్ 100 దగ్గర్లో మొదలయ్యేలా కంపెనీలు పెట్టేది అందుకే. మూత రబ్బరు ఎండిపోతే ఈ లెక్క తప్పుతుంది. తక్కువ ఖర్చుతో మారే భాగం కాబట్టి ముందు దాన్ని చూడండి.

అపోహ: ఫ్యాన్ ముందు పెట్టినా వెనక పెట్టినా, ఎటు తిప్పినా ఒకటే.

ఇక్కడే ఎక్కువ బండ్లు చెడుతున్నాయి. బండి పరిగెత్తేటప్పుడు గాలి ముందు నుంచి ఇంజిన్ వైపు వస్తుంది. ఫ్యాన్ కూడా అటే తోయాలి. ఎదురు తోస్తే నెమ్మదిగా పోతున్నప్పుడు రెండు గాలులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని రేడియేటర్‌లో గాలి ఆడదు. బిగించాక ఒక కాగితం ముక్క రేడియేటర్ ముందువైపు పట్టుకుని ఫ్యాన్ ఆన్ చేయండి. కాగితం జాలీకి అతుక్కుంటే సరిగ్గా ఉన్నట్టు, ఎగిరిపోతే తిరగబడినట్టు.

తిరగబడితే ప్లస్, మైనస్ వైర్లు మార్చేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. మోటార్ ఎదురు తిరుగుతుంది, నిజమే. కానీ రెక్కల వంపు ఒకే దిక్కు కోసం చేసింది. ఎదురు తిప్పితే గాలి బాగా తగ్గిపోతుంది. లాగే ఫ్యాన్, తోసే ఫ్యాన్ అని వేర్వేరుగా దొరుకుతాయి. చోటు ఉంటే రేడియేటర్ వెనక లాగేది పెట్టడమే మంచిది. ముందు పెట్టే ఫ్యాన్ వేగంలో వచ్చే గాలికి అడ్డం పడుతుంది.

వెనక పెట్టినా సైలెన్సర్ బెండు పైపుకు దగ్గరగా ఉండకూడదు. ప్లాస్టిక్ రెక్కలు వంకరపోతాయి. ముందు పెట్టక తప్పకపోతే ముందు షాక్ పూర్తిగా కిందికి దిగినప్పుడు చక్రం, మడ్‌గార్డ్ ఎక్కడిదాకా వస్తున్నాయో కొలిచి చూడండి. స్టాండ్ మీద ఉన్న బండిలో కనిపించే ఖాళీ గుంతలో పడ్డప్పుడు ఉండదు.

ఫ్యాన్ చుట్టూ గొట్టంలా మూసే కవరు ఉండాలి. లేకపోతే రెక్కలకు ఎదురుగా ఉన్న గుండ్రటి భాగమే చల్లబడుతుంది, మూలలు వేడిగానే ఉంటాయి.

అపోహ: కేబుల్ టైలు జాలీలోంచి దూర్చి కట్టేస్తే చాలు.

వద్దు. కారులో ఉన్నంత కుదురు బండిలో ఉండదు. సింగిల్ సిలిండర్ ఇంజిన్ వణుకుతుంటే ఆ ప్లాస్టిక్ టై రంపంలా సన్నటి అల్యూమినియం ట్యూబును కోస్తుంది. రేడియేటర్ బిగించే బోల్టుల దగ్గర నుంచే రేకు క్లాంపులు చేయించి, మధ్యలో రబ్బరు వాషర్లు వేసి పట్టించండి.

అపోహ: బ్యాటరీ నుంచి డైరెక్టుగా లాగి ఒక స్విచ్ పెడితే సరిపోతుంది.

బండి ఫ్యాన్ సాధారణంగా 3 నుంచి 5 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 36 నుంచి 60 వాట్లు. ఒక హాలోజన్ హెడ్‌లైట్ అంత. హ్యాండిల్ మీది చిన్న స్విచ్ ఆ కరెంటును ఎక్కువ కాలం మోయలేదు, లోపల పాయింట్లు కాలిపోతాయి. పైగా చేత్తో వేసే స్విచ్‌ను ట్రాఫిక్‌లో వేయడం మరిచిపోతారు, ఇంటికొచ్చాక తీయడం మరిచిపోతారు.

రిలే పెట్టండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్. ఈ నంబర్లు దాని కాళ్ల దగ్గర రాసి ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, దాని మీద బ్యాటరీకి దగ్గరగా 10 ఆంపియర్ల ఫ్యూజ్. 87 నుంచి ఫ్యాన్‌కు. 86కి తాళం చెవి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే లైను. 85 నుంచి థర్మల్ స్విచ్ (వేడిని బట్టి తనంతట తానే ఆన్, ఆఫ్ అయ్యేది) మీదుగా ఎర్త్. 95 దగ్గర ఆన్ అయి, 90 లోపు ఆఫ్ అయ్యే స్విచ్ మన ఎండలకు బాగానే ఉంటుంది. కంపెనీ ఫ్యాన్ వైరుకే కలిపి ఇంకో ఫ్యాన్ వేయకండి, ఆ వైరు, ఫ్యూజ్ ఒక్క ఫ్యాన్‌కే లెక్కగట్టి వేసినవి.

పని అయ్యాక హెడ్‌లైట్, ఫ్యాన్ రెండూ వేసి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ నడుస్తుండగా) బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. 13 వోల్టులకు పైన ఉంటే నిశ్చింత. 12.5 కంటే కిందికి జారుతుంటే ఇంజిన్‌లో కరెంటు తయారుచేసే కాయిల్ ఇవ్వలేనిది బ్యాటరీ ఇస్తోంది. ట్రాఫిక్‌లోనే తిరిగే బండి అయితే కొన్నాళ్లకు సెల్ఫ్ కొట్టదు.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది.

ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వే థర్మోస్టాట్. అది లేకపోతే పొద్దున ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతసేపూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. చెడిపోతే కొత్తది వేయండి.

అపోహ: మనకు మంచు పడదు కాబట్టి కూలెంట్ అక్కర్లేదు, నీళ్లు చాలు.

గడ్డకట్టకుండా ఆపడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు ఆపే మందులు కూడా అందులోనే ఉంటాయి. బోరు నీళ్లు పోసిన రేడియేటర్ విప్పి చూస్తే సన్నటి ట్యూబుల్లో తెల్లటి గార పేరుకుని ఉంటుంది. గార వేడిని బయటికి పోనివ్వదు. మధ్యలో తగ్గితే, కూలెంట్ దొరక్కపోతే డిస్టిల్డ్ వాటర్ పోసి ఇంటికి చేరండి, తర్వాత మొత్తం మార్పించండి.

వాటర్ వాష్ చేసే కుర్రాళ్లకు కూడా చెప్పండి, గన్ రేడియేటర్ మీద దగ్గరగా పెట్టొద్దని. ఫిన్లు, అంటే జాలీలోని సన్నటి రేకులు, వంగి మూసుకుపోతాయి. పొలం దారుల్లో తిరిగి మట్టి పట్టితే మామూలు పైపుతో వెనక నుంచి ముందుకు కడగాలి.

అపోహ: మోటోక్రాస్ బండ్లకే ఫ్యాన్ లేదు, మనకెందుకు?

కవాసకి కేఎక్స్250 లాంటి మోటోక్రాస్ బండ్లు మట్టి పందేల ట్రాక్ మీద ఆగకుండా పరిగెత్తడానికి చేసినవి. వాటికి గాలి కరువు ఉండదు. అదే బండిని రాళ్ల గుట్టల్లో మొదటి గేరులో, క్లచ్ సగం పట్టి ఎక్కిస్తే నిమిషాల్లో మరుగుతుంది. అలా నడిపేవాళ్లు ఫ్యాన్ వేయించుకోవడం సరైన పనే.

ఎయిర్ కూల్డ్ (రేడియేటర్ లేకుండా గాలితోనే చల్లబడే) ఇంజిన్ మీద కంప్యూటర్ ఫ్యాన్ కట్టడం మాత్రం మానేయండి. దానికి వాన, దుమ్ము, వణుకు ఏవీ ఓర్చుకునే శక్తి లేదు.

ఫ్యాన్ బిగించడానికి కూలెంట్ తీసి ఉంటే, మళ్లీ పోశాక బండిని అటూ ఇటూ వంచి లోపలి గాలి తీయాలి. ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా బండిని నిలబెట్టే ఇంజిన్ నడవనివ్వండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ ట్యాంక్ గీత చూడండి. గాలి బయటికి పోయి మట్టం కొంచెం దిగడం సహజం, గీతదాకా పోయండి. మూడో రోజు కూడా దిగుతుంటే లీకు వెతకాలి.